మందు డబ్బా మూత తీసే ముందు ఆకు తిప్పి చూడండి

పెరట్లో మొక్క కాస్త తేడాగా కనిపించగానే చాలామంది చేసే పని పురుగుమందుల కొట్టుకి వెళ్ళి "మిరపకి ముడతొచ్చింది, ఏదైనా మందివ్వండి" అని అడగడం. కొట్టులో అతను మొక్కని చూడలేదు, మనమూ సరిగ్గా చూడలేదు, అయినా ఒక డబ్బా ఇంటికొచ్చేస్తుంది. మన శ్రీకాకుళం, విజయనగరం పెరళ్ళలో వచ్చే సమస్యల్లో సగానికి పైగా డబ్బాతో పనిలేకుండానే పోతాయని నా నమ్మకం, డబ్బా తప్పని చోట కూడా సరైన మందు తేవాలంటే ముందు మొక్క దగ్గర కాసేపు కూర్చోవాల్సిందే.

ఎలా చూడాలంటే, పొద్దున్న ఎండ ఎక్కకముందు వెళ్ళండి. ముందు ఆకుల అడుగు భాగం తిప్పి చూడండి, ఎందుకంటే తెల్లదోమ, పేనుబంక, నల్లి (మంచాల్లో ఉండేది కాదు, మొక్కల మీద ఉండే సన్నటి నల్లి) అన్నీ కాపురం ఉండేది అక్కడే. తర్వాత లేత చిగురు, ఆ తర్వాత కాండం నేలని తాకే చోటు, చివరికి మట్టి. కంటికి ఏమీ కనిపించకపోతే ఒక తెల్ల కాగితం చిగురు కింద పట్టి కొమ్మని రెండుసార్లు తట్టండి, కాగితం మీద సన్నటి నలుసులు కదిలితే అవి తామర పురుగులో నల్లో అయి ఉంటాయి. ఆకులు పసుపు రంగుకి తిరిగితే ముదురాకులా లేతాకులా అన్నది గమనించండి. కింది ముదురాకులు ముందు పసుపెక్కితే చాలావరకు నత్రజని తక్కువైనట్టు, గెత్తం (మాగిన పేడ ఎరువు) వేస్తే తేరుకుంటుంది. లేతాకులు పసుపెక్కి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగిలితే ఇనుము అందడం లేదన్నమాట. మన ఇళ్ళలో కరివేపాకు, నిమ్మ మొక్కలకి ఇదెక్కువ. లీటరు నీళ్ళలో 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), ఒక గ్రాము నిమ్మ ఉప్పు కలిపి వారానికోసారి రెండు మూడు సార్లు సాయంత్రం పూట ఆకుల మీద కొడితే కొత్త చిగుళ్ళు పచ్చగా వస్తాయి. పాత ఆకులు మళ్ళీ పచ్చబడాలని ఎదురు చూడకండి, అవి మారవు.

నీళ్ళ సంగతి ముందే చెప్పాలి. వాడిన మొక్కకి నీళ్ళు పోయడం అందరికీ అలవాటు, కానీ వేరు కుళ్ళిన మొక్క కూడా అచ్చం అలాగే వాడుతుంది. వేలు రెండు అంగుళాలు మట్టిలో గుచ్చండి, తడి తగిలితే నీళ్ళు పోయకండి. కవిటి, సోంపేట, భోగాపురం వైపు ఇసుక నేలల్లో నీరు నిలవదు కాబట్టి కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు పోసుకోవాలి, మొక్క మొదలు చుట్టూ ఎండుగడ్డో కొబ్బరి పీచో పరవాలి. లోపలి ఎర్రనేలల్లో వాన పడి ఎండాక పైన గట్టి పొర కడుతుంది, దాన్ని గునపంతో కాదు, చిన్న కొంకితో పైపైన గీకితే చాలు, వేళ్ళకి గాలి ఆడుతుంది. సముద్రం దగ్గర ఊళ్ళలో ఉప్పు గాలికి ఆకుల అంచులు మాడతాయి, అది తెగులు కాదు, మంచినీళ్ళతో ఆకులు కడిగి, గాలి వచ్చే వైపు ఒక దడి కడితే చాలు. కుండీల్లో మట్టి మీద తెల్లటి పొర పేరుకుంటే బోరు నీళ్ళలో ఉప్పు ఎక్కువని అర్థం, వానాకాలంలో ఆ కుండీల్ని చూరు కింద పెట్టకుండా బయట వానలో తడవనిస్తే ఆ ఉప్పు కిందికి కొట్టుకుపోతుంది.

ఇక మిరప. ఎక్కువమంది తప్పు మందు కొట్టేది దీనికే, కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. ముడతలు మూడు రకాలు. ఆకు అంచులు పైకి లేచి పడవలా అయితే అది పైముడత, తామర పురుగుల పని. అంచులు కిందికి వంగి, ఆకు ముదురు ఆకుపచ్చగా దళసరిగా మారి, కాడ మామూలు కన్నా పొడుగ్గా సాగితే అది కింది ముడత, తెల్లనల్లి పని. ఆకులు చిన్నవైపోయి, బొబ్బరలెక్కి, మొక్క మొత్తం గిడసబారి కురచగా ఉండిపోతే వైరస్, దాన్ని తెల్లదోమ మోసుకొస్తుంది. మొదటి రెండిటికీ తేడా ఎందుకు ముఖ్యమంటే, నల్లి అసలు పురుగుల జాతి కాదు, దానికి ఎనిమిది కాళ్ళు, చాలా పురుగుమందులు దాని మీద పనిచేయవు. పైగా నల్లిని తినే మేలుచేసే జీవాలన్నీ ఆ మందుకి చచ్చిపోయి నల్లి రెట్టింపవుతుంది. "మందు కొట్టాక ఇంకా ఎక్కువైనాది" అని మన వైపు ఆడవాళ్ళు చెప్పుకునేది అబద్ధం కాదు, అక్షరాలా జరిగేదదే.

తామర పురుగులకి నీలం రంగు జిగురు అట్టలు మొక్కల ఎత్తులో వేలాడదీయండి, లీటరు నీళ్ళకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం సబ్బు నీళ్ళు కలిపి సాయంత్రం ఆకు అడుగు తడిసేలా అయిదారు రోజులకోసారి కొట్టండి. సబ్బు వేయకపోతే నూనె నీళ్ళలో కలవదు, ఒకే చోట పడి ఆకు మాడుతుంది. నల్లికి మాత్రం నీటిలో కరిగే గంధకం లీటరుకి 3 గ్రాములు, అదీ చల్లటి పూట, మే ఎండల్లో అస్సలు వద్దు. గంధకానికీ వేపనూనెకీ మధ్య రెండు మూడు వారాలు ఎడం ఉండాలి, రెండూ దగ్గర దగ్గరగా పడితే ఆకులు కాలిపోతాయి. వైరస్ అని తేలితే ఆ మొక్కని పీకేయండి, మనసొప్పదని నాకు తెలుసు, చక్కగా పెంచుకున్న మొక్క మరి, కానీ దానికి మందు లేదు, ఉన్నన్నాళ్ళూ పక్క మొక్కలకి అంటిస్తూనే ఉంటుంది. బెండలో ఈనెలు పసుపుపచ్చగా మారి, కాయలు కూడా పాలిపోయే పల్లాకు తెగులు కూడా ఇలాంటిదే, తెల్లదోమే తెస్తుంది, పీకడమే వైద్యం. బెండ గింజలు కొనేటప్పుడు అర్క అనామిక లాంటి తట్టుకునే రకం అడిగి తీసుకోండి, పసుపు జిగురు అట్టలు మొదటి నుంచీ పెట్టండి.

టమాటా, వంగ మొక్కలు పచ్చగా ఉండగానే మధ్యాహ్నం తలలు వాల్చేసి, సాయంత్రానికి లేచి, మూడు నాలుగు రోజులు అలా చేసి ఒక రోజు ఇక లేవకపోతే, అది బాక్టీరియా ఎండు తెగులని అనుమానించాలి. ఇంట్లోనే తేల్చుకోవచ్చు. మొక్క మొదట్లోంచి జానెడు కాండం కోసి, కడిగి, ఒక గాజు గ్లాసులో తేరిన నీళ్ళు పోసి కోసిన చివర మాత్రం నీళ్ళలో మునిగేలా పట్టుకోండి. కదపకండి. కొన్ని నిమిషాల్లో కోసిన చోటు నుంచి సన్నటి తెల్లని ధార నీళ్ళలో కిందికి దిగుతూ కనిపిస్తే అది బాక్టీరియానే, కాసేపటికి నీళ్ళు కూడా పల్చగా పాలరంగుకి తిరుగుతాయి. ధార ఏమీ రాక, కింది ఆకులు ముందు పసుపెక్కి, కాండం చీల్చితే లోపల గోధుమ రంగు చారలుంటే బూజు వల్ల వచ్చే ఎండు తెగులు. ఏదైనా సరే ఆ మొక్కని వేళ్ళతో, చుట్టూ మట్టితో సహా తీసి కాల్చేయండి, గెత్తం గుంటలో మాత్రం వేయకండి. ఆ చోట టమాటా, వంగ, మిరప, బంగాళాదుంప ఏవీ రెండు మూడేళ్ళు పెట్టొద్దు, ఇవన్నీ ఒకే కుటుంబం. మొక్కజొన్న, ఉల్లి, గోంగూర వేసుకోండి. ఏప్రిల్, మే నెలల్లో మడిని తడిపి, అవతలికి కనిపించే పల్చటి పాలిథిన్ షీటు పరిచి అంచులు మట్టితో మూసి నాలుగైదు వారాలు వదిలేస్తే మన ఎండకి మట్టిలోని తెగుళ్ళు చాలావరకు చస్తాయి. మడికోసం ఇంతకంటే చవకైన వైద్యం లేదు.

పీకిన మొక్క వేళ్ళు ఒకసారి చూడండి. వేళ్ళ మీద బుడిపెలు బుడిపెలుగా ఉంటే నులిపురుగులు ఉన్నాయన్నమాట. (చిక్కుడు, బొబ్బర్ల వేళ్ళకి పక్కన వేలాడే చిన్న బుడిపెలు మంచివి, గోటితో తీస్తే ఊడొస్తాయి. నులిపురుగు బుడిపె వేరులోనే ఉబ్బి ఉంటుంది, ఊడిరాదు.) అక్కడ ఒక పంట బంతి వేయండి, నాటే ముందు వేపపిండి కలపండి.

టమాటా కాయ కింది భాగం నల్లగా తోలులా మారితే పురుగు కోసం వెతకొద్దు. కాల్షియం కాయ దాకా అందక జరుగుతుంది, దానికి ముఖ్య కారణం నాలుగు రోజులు ఎండబెట్టి అయిదో రోజు వరదలా నీళ్ళు పోయడం. నీళ్ళు సమానంగా పోస్తే తర్వాతి కాయలు బాగుంటాయి. కాయ పగుళ్ళకీ అదే కారణం.

వంగలో చిగురు ఒక్కటి వాలిపోతే దాన్ని కోసి నిలువునా చీల్చండి, లోపల లేత గులాబీ రంగు పురుగు దొరుకుతుంది. మొవ్వు, కాయ తొలుచు పురుగు అదే. వాలిన చిగుళ్ళు వాలినట్టే రెండు అంగుళాలు కిందకి తుంచి సబ్బు నీళ్ళలో పడేస్తూ పోతే కాయలకి ఎక్కే పురుగు తగ్గుతుంది, లింగాకర్షక బుట్ట (మగ రెక్కల పురుగుల్ని వాసనతో రప్పించి పట్టేది) ఒకటి పెడితే ఇంకా మంచిది. గోటితో పోయేదానికి గొడ్డలి దాకా వెళ్ళక్కర్లేదు. ఆకులు చిన్నచిన్నగా గుబురుగా వచ్చి పూత రాకపోతే వెర్రి తెగులు, పీకేయడమే. వంగాకు మీద అక్షింతల పురుగు విషయంలో జాగ్రత్త. మబ్బుగా, సన్నటి నూగుతో, వీపు నిండా చుక్కలున్నది ఆకు పచ్చదనమంతా గీకి తిని జల్లెడ చేస్తుంది, దాని పిల్ల పసుపు రంగులో ముళ్ళతో ఉంటుంది. నున్నగా మెరుస్తూ తక్కువ చుక్కలతో పేనుబంక మధ్య తిరిగేది మన మనిషి, రోజూ పదులకొద్దీ పేనుబంకని తింటుంది. రెండిటినీ ఒకే గాటన కట్టి చంపేస్తే చలికాలంలో చిక్కుడు పాదు నిండా నల్లటి పేనుబంక పట్టినప్పుడు ఆదుకునేవాళ్ళు ఉండరు. పేనుబంకకి నీళ్ళ పైపు గట్టిగా పట్టి కొట్టడమే సగం మందు.

ఆనప, బీర పాదులకి పిందెలు రాలిపోతున్నాయన్న ఫిర్యాదు ప్రతి ఊళ్ళోనూ ఉంటుంది. మొదట్లో మగపూలే వస్తాయి, అవి రాలిపోవడం సహజం, టెన్షన్ పడొద్దు. ఆడపువ్వుకి కింద బుల్లి పిందె ఉంటుంది. ఆ పిందె ఏ గాటూ లేకుండా పసుపెక్కి కుంచించుకుపోతే పుప్పొడి అందలేదని అర్థం. ఆనప, బీర పూలు సాయంత్రం విచ్చుకుంటాయి, కాకర, గుమ్మడి తెల్లవారుజామున. ఆ వేళకి ఒక మగపువ్వు కోసి, రేకులు తీసేసి, లోపలి పుప్పొడిని ఆడపువ్వు నడుమ మెల్లగా అద్దండి, ఒక మగపువ్వు రెండు మూడు ఆడపూలకి సరిపోతుంది. పూలు విచ్చుకునే వేళల్లో ఏ మందూ కొట్టకండి, తేనెటీగలు లేకపోతే పాదు ఎంత ఏపుగా ఉన్నా కాయ నిలవదు.

అలా కాక పిందె మీద చిన్న గాటు, దాని నుంచి బంక చుక్క, ఆ పక్కకి వంకర తిరగడం కనిపిస్తే పండు ఈగ గుడ్లు పెట్టేసింది. లోపల తెల్ల పురుగులు పుట్టి, కాయ కుళ్ళి రాలాక మట్టిలోకి దిగి కోశదశకి వెళ్తాయి, మళ్ళీ ఈగలై వస్తాయి. ఇక్కడ గొలుసు తెంచాలి. రాలిన కాయ ఒక్కటి కూడా పాదు కింద ఉండకూడదు, పాలిథిన్ సంచిలో గట్టిగా మూటకట్టి ఎండలో వారం పడేయండి, లేదా రెండడుగుల లోతున పాతేయండి. పాదు కింద మట్టి అప్పుడప్పుడు తిరగేస్తే కోశాలు పైకి వచ్చి కోళ్ళూ పిట్టలూ తినేస్తాయి. నిలిచిన పిందెకి వెంటనే కాగితపు సంచి తొడగండి. ఈగల బుట్ట కొనేటప్పుడు ఏ పంటకో చెప్పి కొనండి, మామిడికి మిథైల్ యూజినాల్ ఎర, ఆనప, బీర, కాకరకి క్యూల్యూర్ ఎర, ఒకదానికొకటి పనిచేయవు. పాదుల ఆకుల మీద తెల్లటి బూడిద చల్లినట్టు తెగులు పడితే ఒక వంతు పాలు, తొమ్మిది వంతుల నీళ్ళు కలిపి ఉదయం ఎండలో వారానికి రెండుసార్లు కొట్టి చూడండి, గంధకం మాత్రం ఈ పాదులకి పడదు.

జామ, కరివేపాకు, అరటి ఆకుల మీద నల్లటి మసి పట్టిందా? ముందు తలెత్తి చూడండి. పైన కొబ్బరి చెట్టుంటే దాని ఆకు అడుగున తెల్లటి మైనం సుడులు సుడులుగా కనిపిస్తుంది, అది సర్పిలాకార తెల్లదోమ. 2016లో తమిళనాడులో మొదట కనిపించి తర్వాత మన రాష్ట్రంలోకీ వచ్చింది. అది విడిచే తీపి జిగురు కింద ఆకుల మీద పడి దాని మీద మసి పెరుగుతుంది, అంటే జబ్బు జామది కాదు. గంజి పల్చగా చేసి కొట్టండి, ఎండాక పెచ్చులుగా లేచి మసిని కూడా తీసుకుపోతుంది. కొబ్బరికి గట్టి మందులు కొట్టొద్దు, ఎన్‌కార్సియా అనే చిన్న కందిరీగ ఈ దోమ పిల్లల్లో గుడ్లు పెట్టి చంపుతుంది, మందు కొడితే ముందుగా చచ్చేది ఆ కందిరీగే. బొప్పాయి పిండినల్లి కథ కూడా ఇదే, 2008లో దేశంలోకి వచ్చి తోటల్ని తుడిచిపెట్టింది, 2010లో బయటి నుంచి తెచ్చి వదిలిన చిన్న కందిరీగలే దాన్ని అదుపు చేశాయి. మందారం మీద పిండినల్లికి మాత్రం పాత టూత్‌బ్రష్, సబ్బు నీళ్ళు చాలు, బాగా పట్టిన కొమ్మ చివర్లు కోసేయండి, చీమలు ఎక్కకుండా చూడండి, పిండినల్లిని కాపాడి కొమ్మకొమ్మకీ మోసేది చీమలే.

కొబ్బరి మట్టలు కత్తెరతో కోసినట్టు త్రికోణంగా తెగి విచ్చుకుంటే కొమ్ము పురుగు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మన శ్రీకాకుళం ఉద్దానం కొబ్బరిని ఎలా నేలకూల్చిందో చూసినవాళ్ళకి ఒక చెట్టు కాపుకి రావడం ఎంత కాలం పనో చెప్పక్కర్లేదు, కాబట్టి తర్వాత నాటిన చిన్న మొక్కల్ని దీని నుంచి కాపాడుకోవడం మరీ ముఖ్యం. మొవ్వులో నమిలిన పీచు కనిపిస్తే ఇనప కొక్కెం దూర్చి పురుగుని లాగేయండి. లేత మొవ్వు చుట్టూ ఆకు మొదళ్ళలో వేపపిండి, ఇసుక సమపాళ్ళలో కలిపి వేయండి. అసలు పుట్టిల్లు మాత్రం మన గెత్తం కుప్పే, అందులో లావుగా తెల్లగా చుట్ట చుట్టుకుని ఉండే పిల్లపురుగులు దీనివే. కుప్పని రెండు నెలలకోసారి తిరగేసి వాటిని కోళ్ళకి వేయండి, కుప్ప మీద మెటారైజియం (పురుగుల్ని చంపే ఒక రకం బూజు) పొడి చల్లితే ఇంకా మంచిది. పచ్చి పేడ కూడా మొక్క మొదట్లో వేయకండి, చెదలు వస్తాయి, వేళ్ళు మాడతాయి.

నిమ్మ, కరివేపాకు ఆకుల మీద పిట్ట రెట్టలాంటి మచ్చ కదిలితే అది సీతాకోకచిలుక పిల్ల, పెద్దయ్యాక ఆకుపచ్చగా మారి రాత్రికి రాత్రి చిగుళ్ళు దువ్వేస్తుంది, చేత్తో ఏరేయడమే. నిమ్మకాయల మీద గరుకు మచ్చలు గజ్జి తెగులు, ఆ కొమ్మలు కోసి కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకి 3 గ్రాములు కొట్టండి. ములగ మొద్దు మీద వానాకాలంలో గుంపుగా చేరే గొంగళ్ళని ముట్టుకోకండి, పొడుగు కర్రతో సబ్బు నీళ్ళ బకెట్లోకి గీకేయండి. పనసకి చిన్న పిందెలు నల్లబడి రాలుతున్నాయని బెంగ పెట్టుకోకండి, రాలేవి ఎక్కువగా మగవి, వాటి పని అయిపోయాక అలాగే బూజెక్కి పడిపోతాయి, వాటిని ఏరి దూరంగా వేస్తే చాలు. వానాకాలం రాత్రుళ్ళు వచ్చే పెద్ద నత్తలకి తడి గోనె సంచి కింద బొప్పాయి ఆకులు పెట్టి, పొద్దున్నే చేతికి కవరు తొడుక్కుని ఏరి ఉప్పునీళ్ళలో వేయండి. ఉప్పు మట్టిలో చల్లొద్దు.

అక్టోబరు, నవంబరు తుపాన్లలో పెరడు మునిగితే ముందు కాలువ తీసి నీళ్ళు బయటికి పంపాలి, మిగతావన్నీ తర్వాతే. నీరు ఇంకాక పైమట్టి కదిపి, కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకి అదే 3 గ్రాముల మోతాదులో మొదళ్ళు తడిసేలా పోస్తే వేరుకుళ్ళు తగ్గుతుంది. వారం దాకా గట్టి ఎరువులు వేయొద్దు.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పాలి. పొలానికి తెచ్చిన వరి మందు మిగిలింది కదా అని పెరట్లో కూరగాయలకి కొట్టకండి. మోనోక్రోటోఫాస్‌ని కూరగాయల మీద వాడటం మన దేశంలో నిషేధం, ఆ కూర తినేది మన పిల్లలే. ఏ మందు కొట్టినా కోతకి ముందు ఎన్ని రోజులు ఆగాలో లేబుల్ మీద ఉంటుంది, ఆగండి.

ఇంత చూశాక కూడా ఏమిటో తేలకపోతే నమూనా తీసుకుని రైతు సేవా కేంద్రానికి వెళ్ళండి, లేదా ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రానికి, పార్వతీపురం వైపు వాళ్ళకి రస్తాకుంటుబాయి కేంద్రం ఉంది. 1800-180-1551 కిసాన్ కాల్ సెంటర్‌కి ఫోన్ చేస్తే తెలుగులోనే చెప్తారు, డబ్బులక్కర్లేదు. నమూనా అంటే ఎండిన ఆకు ఒకటి కాదు. సగం పాడై సగం బాగున్న మొక్కని వేళ్ళతో, గుప్పెడు మట్టితో తవ్వి, కాగితంలో చుట్టి (పాలిథిన్‌లో పెడితే దారిలోనే కుళ్ళుతుంది) అదే రోజు పట్టుకెళ్ళండి, ఎప్పటి నుంచి ఉందో, నీళ్ళు ఎలా పోస్తున్నారో, ఇప్పటిదాకా ఏమేం కొట్టారో దాచకుండా చెప్పండి.